పసిబిడ్డకు ముందు వేరే పక్క, ఆ తర్వాతే వేరే గది

టీకాల రోజున వచ్చే తల్లులు ఈ మధ్య మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్, బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టడం ఎప్పటి నుంచి అలవాటు చేయాలి?" పూర్వం ఈ మాట ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు ఇళ్లలో రెండు మూడు పడక గదులు వచ్చాయి. అమెరికాలో కాపురమున్న కూతురు పురిటికి ముందే బిడ్డకు గది సిద్ధం చేసి, రంగులు వేయించి ఫోనులో చూపిస్తుంది. అది చూసి ఇక్కడ అమ్మమ్మ గుండె గుభేలుమంటుంది. పాలు తాగే పిల్లను ఒంటరిగా పడుకోబెడతారా అని మా దగ్గర వాపోతుంది.

గది విషయంలో అమ్మమ్మ మాటే సరైనదని మా అభిప్రాయం. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారు కూడా 2022లో ఇచ్చిన సూచనల్లో, కనీసం మొదటి 6 నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే పడుకోవాలన్నారు. అయితే పక్క మాత్రం వేరుగా ఉండాలన్నారు. ఇది మన అమ్మమ్మలకు రుచించదు.

మన ఇళ్లలో బిడ్డ తల్లికీ తండ్రికీ మధ్యన పడుకుంటుంది. మెత్తటి పరుపు, పెద్ద దిండ్లు, అందరికీ కలిపి ఒకటే దుప్పటి. అది ముఖం మీదికి వస్తే నెలల బిడ్డ తీసేసుకోలేదు. తండ్రి బీడీ, సిగరెట్ తాగేవాడైనా, మందు తాగి పడుకునేవాడైనా ఆ మంచం మీద బిడ్డ ఉండనే కూడదు. ఈ మాట చెప్పడానికి కోడళ్లు జంకుతారు. అత్తగారూ, మీరే చెప్పాలి.

వేరే పక్క అంటే ఖరీదైన తొట్టి కొనమని కాదు. సమంగా, గట్టిగా ఉండే చిన్న పరుపు తల్లి చేతికి అందేంత దూరంలో ఉంటే చాలు. దాని మీద దిండు వద్దు, బొమ్మలు వద్దు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా వద్దు. మెలకువగా ఉన్నప్పుడు మీరు దగ్గరుండి కాసేపు బోర్లా పడుకోబెడితే తలకు అదే మేలు. నిద్రలో మాత్రం ఎప్పుడూ వెల్లకిలే. అమెరికాలో 1994లో ఈ ఒక్క మాట ఊరూరా ప్రచారం చేశాక, నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య సగానికి పైగా తగ్గింది. చీర ఉయ్యాలలో బిడ్డ ముడుచుకుపోయి గడ్డం రొమ్ముకు ఆనుతుంది, రాత్రంతా అందులో ఉంచకండి.

ఆపరేషన్ అయిన తల్లి రాత్రి నాలుగుసార్లు లేచి బిడ్డను అందుకోలేదు. బిడ్డను అందించి, పాలు తాగాక తిరిగి తన పక్కలో వేసే మనిషి కావాలి. అమ్మమ్మ చేయగలిగిన గొప్ప సాయం ఇదే. (తాతయ్యలూ చేయవచ్చు, ఎవరూ కాదనరు!) కునికిపాట్లు పడుతూ సోఫాలో కూర్చుని మాత్రం పాలివ్వవద్దు. సోఫా మంచం కంటే ప్రమాదం.

ఆరు నెలలు దాటాక గది మార్చాలనుకుంటే మార్చండి. తొందరేమీ లేదు. ముందు పగటి నిద్ర ఆ గదిలో అలవాటు చేయండి. రాత్రి స్నానం, పాలు, జోలపాట రోజూ ఒకే వరుసలో జరగాలి. కళ్లు మూతలు పడుతుండగా పక్కలో వేసి, నిద్రపోయే దాకా దగ్గర కూర్చోండి. కొన్నాళ్లకు మీ కుర్చీ తలుపు దగ్గరికి జరుపుకోవచ్చు. ఎనిమిది తొమ్మిది నెలలప్పుడు తల్లి కనబడకపోతే ఏడవడం సహజం. జ్వరం వచ్చిన వారంలోనో, ఊరి నుంచి వచ్చిన మర్నాడో ఈ పని మొదలుపెట్టకండి. ఏడ్చి ఏడ్చి తనే ఊరుకుంటుందని తలుపు వేసి వచ్చేయడం మాకు మనస్కరించదు. ఆరు నెలల లోపు బిడ్డ ఏడుపు చాలాసార్లు ఆకలే.

ఒకే గది ఉన్న తల్లులు ఈ ప్రశ్నను సిగ్గుపడుతూ అడుగుతారు. అమ్మా, మీ బిడ్డకు ఏ లోటూ లేదు. గోడవారన గట్టి పక్క, పైన దోమతెర ఉంచి, ఆ గదిలో దోమల చుట్ట వెలిగించకండి.