రాత్రి మజిలీకి చోటేదీ?

వాహనాల్లోనే తెల్లవారుస్తున్న యాత్రికులు, డ్రైవర్లు
ఉచిత స్థలంతో పాటు నీరు, మరుగుదొడ్లు ఉంటేనే ప్రయోజనం

జగిత్యాల: కొండగట్టు అంజన్న, ధర్మపురి నరసింహుడు, వేములవాడ రాజన్న... ఈ మూడు క్షేత్రాలను ఒకే యాత్రలో దర్శించుకోవాలని బయలుదేరే భక్తులు ఎందరో. పిల్లాపాపలతో వచ్చిన వారికి ఒక్క రోజులో అది సాధ్యపడదు. గదులు దొరకని వారు, దొరికినా అద్దె భరించలేని వారు తాము వచ్చిన జీపుల్లో, టూరిస్టు బస్సుల్లో, వాటి పక్కన పరచుకున్న చాపలపై రాత్రి గడుపుతారు. మామిడి లోడు కోసం వచ్చిన లారీ డ్రైవరుకు క్యాబినే పడకగది. ఇలా ఆగే వాహనాలకు పట్టణం ఏం ఇవ్వాలన్నది జాతర బందోబస్తుతో ముగిసిపోయే ప్రశ్న కాదు.

దారి మీదే మూడు పట్టణాలు

నిజామాబాద్ వైపు నుంచి వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి కోరుట్ల, జగిత్యాల మీదుగా ధర్మపురికి చేరుతుంది. జగిత్యాలకు కొండగట్టు సుమారు 15 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి సిద్దిపేట మీదుగా రాజన్న దర్శనానికి వెళ్లేవారు సిరిసిల్ల దాటాలి. అక్కడి నుంచి వేములవాడ సుమారు 12 కిలోమీటర్లే. మహాశివరాత్రికి, మేడారం జాతరకు ముందు వేములవాడ కిటకిటలాడుతుంది. హనుమాన్ చిన్న జయంతి, పెద్ద జయంతి రోజుల్లో కొండగట్టు దీక్షాపరులతో నిండిపోతుంది. క్షేత్రం నిండినప్పుడు ఆ భారం సమీప పట్టణాలపై పడుతుంది.

చోటు దొరకని వాహనం రోడ్డు పక్కనే ఆగుతుంది. చీకట్లో నిలిచిన లారీని వెనుక నుంచి వచ్చే వాహనం ఢీకొనే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆగకుండా సాగిపోయే డ్రైవరును నిద్రమత్తు వెంటాడుతుంది. ఇక మహిళల అవస్థ చెప్పనలవి కాదు. మరుగుదొడ్డి లేని చోట రాత్రి బస చేయాల్సి వస్తుందని నీళ్లు తాగడమే తగ్గించుకుంటారు.

ఉచితమంటే ఖర్చు లేదని కాదు

ఫ్రాన్స్‌లోని అనేక చిన్న పట్టణాలు కారవాన్ వాహనాలకు రాత్రి నిలుపుదల స్థలాలు కేటాయించాయి. కొన్నిచోట్ల నిలపడం ఉచితం, నీరు నింపుకోవడానికి, మురుగు వదలడానికి మాత్రం రుసుము ఉంటుంది. యాత్రికులు స్థానిక దుకాణాల్లో కొనుగోళ్లు చేయడమే పట్టణానికి దక్కే లాభం. న్యూజిలాండ్ 2011లో ఇందుకు ప్రత్యేక చట్టం చేసింది. 2023లో నిబంధనలను కఠినతరం చేసి, స్వయం సమృద్ధ వాహనంగా ధ్రువీకరణ పొందాలంటే స్థిరమైన మరుగుదొడ్డి ఉండాలని నిర్దేశించింది. మన దేశంలో కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది.

ఆ ఏర్పాట్లకు మూలం ఒక్కటే. వాహనంలోనే వంటగది, నీటి ట్యాంకు, మరుగుదొడ్డి ఉంటాయి కాబట్టి పట్టణం ఖాళీ స్థలం ఇస్తే చాలు. మన దారుల్లో అలాంటి వాహనాలు అరుదు. ఇక్కడ ఆగే జీపులో నీటి డబ్బా తప్ప మరేమీ ఉండదు. కనుక వాహనంలో లేనిదాన్ని పట్టణమే సమకూర్చాలి. ఖాళీ స్థలం చూపించి ఉచితమంటే, ఆ ఖర్చు తెల్లవారుజామున చీపురు పట్టే పారిశుద్ధ్య కార్మికుల నెత్తిన పడుతుంది.

చట్టంలో అవకాశం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 117వ సెక్షన్ ప్రకారం వాహనాలు నిలిపే స్థలాలను స్థానిక సంస్థను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం లేదా అధీకృత అధికారి నిర్ణయించవచ్చు. డ్రైవర్లు రాత్రి ఆగాల్సిన చోట యజమాని విశ్రాంతి గదులు కల్పించాలని, 2025లో రద్దయ్యే వరకు, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది. అయితే ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే అది వర్తించేది. సొంత బండి తోలుకునే డ్రైవరుకు ఆ రక్షణ ఉండేది కాదు. అతనికి దిక్కు పట్టణమే.

స్థలం కన్నా కాలమే సమస్య

ప్రహరీ, గేటు, దీపాలు ఉన్న విశాల స్థలమంటే మొదట గుర్తుకొచ్చేది వ్యవసాయ మార్కెట్ యార్డు. శివరాత్రి నాటికి వరి కోతలు మొదలుకావు కనుక అప్పుడు యార్డులను వాడుకునే వీలుంటుంది. పెద్ద జయంతి నాటికి పరిస్థితి మారుతుంది. యాసంగి ధాన్యం రాశులు, మామిడి లారీలు, అంజన్న భక్తులు అన్నీ ఒకేసారి వస్తాయి. అప్పుడు యార్డును నమ్ముకుంటే రైతుకు, యాత్రికుడికి ఇద్దరికీ ఇబ్బందే. అది వేసవి సెలవుల కాలం కావడంతో ప్రభుత్వ పాఠశాలల మైదానాలు అక్కరకొస్తాయి. బడి తెరిచేలోగా శుభ్రం చేయించే బాధ్యతను ముందే మున్సిపాలిటీకి అప్పగించాలి. ఏ పండుగకు ఏ స్థలమో ఏడాది ఆరంభంలోనే ఖరారైతే, రహదారిపై సూచిక బోర్డులు పెట్టడం పెద్ద పని కాదు.

లాడ్జీల వ్యాపారం దెబ్బతింటుందన్న అభ్యంతరం రావచ్చు. గది అద్దెకు తీసుకోగలిగినవారు చాపపై పడుకోరు. రుసుము పెడితే మున్సిపాలిటీకి ఆదాయం వస్తుందన్న వాదనా ఉంది. నిలిపినందుకు డబ్బు అడిగితే బండి తిరిగి రోడ్డు పక్కకే వెళ్తుంది. నిలుపుదల ఉచితంగా ఉంచి, స్నానానికి, వేడినీళ్లకు స్వల్ప రుసుము తీసుకోవడమే ఉభయతారకం.

పుష్కరాలే గడువు

2015 జులై 14 నుంచి 25 వరకు జరిగిన గోదావరి పుష్కరాల్లో ధర్మపురి దారులు వాహనాలతో స్తంభించాయి. అప్పుడు ఈ ప్రాంతమంతా ఉమ్మడి కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబరు 11న జగిత్యాల, సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి. యాత్రికుడికి మాత్రం దారి ఒక్కటే. తిరిగి పుష్కరాలు 2027లో వస్తాయి. రెండు జిల్లాల యంత్రాంగాలు కలిసి కూర్చుని మూడు పట్టణాల్లో రాత్రి మజిలీ స్థలాలను ఖరారు చేసి, ముందుగా వచ్చే శివరాత్రికి, జయంతికి వాటిని పరీక్షించి చూడాలి. ఆ అనుభవం లేకుండా పుష్కరాల వారంలో గుంజలు పాతి, తాత్కాలిక మరుగుదొడ్లు నిలబెడితే జనానికి 2015 నాటి అవస్థలు తప్పవు.