శ్రవణధర్మము: జాజ్, యూదులు, పాలస్తీనా

1938వ సంవత్సరమున జర్మనీ దేశమందలి డ్యూసెల్డార్ఫ్ నగరములో నాజీలు ‘భ్రష్ట సంగీతము’ అను పేర నొక ప్రదర్శనమును నడపిరి. దాని గోడపత్రికపై నల్లజాతి వాద్యకారుడొకడు సాక్సఫోన్ ఊదుచున్నట్లు వికృతముగా చిత్రింపబడి యుండెను. అతని కోటుమడతపై యూదుల షట్కోణ నక్షత్రము నిలిచి యుండెను. నల్లవానిని, యూదుని ఒక్క బొమ్మలో బంధించి, వీరిరువురును కలిసి యూరపు నాగరికతను చెరచుచున్నారని లోకమునకు చాటుట ఆ చిత్రము నుద్దేశము. అయినను ఆ ద్వేషము నడుమ నొక సత్యము తనకు తెలియకయే బయటపడినది. జాజ్ సంగీతమున ఆ రెండు జాతుల బాధయు, ప్రతిభయు నిజముగనే చేయి కలిపినవి.

ఆ సంవత్సరముననే అట్లాంటిక్ సముద్రమున కావలియొడ్డున ఆ కలయిక ప్రత్యక్షముగా జరుగుచుండెను. జనవరి 16వ తేదీని న్యూయార్కు కార్నెగీ హాలులో బెన్నీ గుడ్‌మన్ అను యూదు క్లారినెట్ విద్వాంసుడు, తెల్లవారును నల్లవారును ఒక్క వేదిక నెక్కుట అరుదైన ఆ దినములలో, టెడ్డీ విల్సన్, లయొనెల్ హాంప్టన్ మున్నగు నల్లజాతి కళాకారులతో కలిసి కచేరీ చేసెను. ఆ యేటి చివరనే బార్నీ జోసెఫ్‌సన్ అను యూదుడు ప్రేక్షకులలో సైతము వర్ణభేదము పాటింపని కఫే సొసైటీని తెరచెను. చెట్లకు వ్రేలాడదీసి చంపబడిన నల్లవారిని గూర్చిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ అను పాటను బిల్లీ హాలిడే 1939లో అచ్చట పాడునపుడు వడ్డన నిలిపివేయుదురు, దీపములార్పుదురు, ఆమె ముఖముపై మాత్రమొక వెలుగు నుంచుదురు. పాట ముగియగనే ఆమె వేదిక వీడిపోవును, ఎంత కరతాళధ్వని మ్రోగినను మరల రాదు. ఆ పాటను కట్టిన ఏబెల్ మీరోపోల్ బ్రాంక్స్ ప్రాంతమున పాఠము చెప్పుకొను యూదు ఉపాధ్యాయుడు. తన జాతిని తరుముచున్న కాలమున పరజాతి మెడకు బిగిసిన ఉరిత్రాటిని చూడగలిగిన యా దృష్టియే జాజ్ చరిత్రలో నాకు మిక్కిలి పూజ్యమైన భాగము.

అటుపిమ్మట ఈ సంగీతము రాజకీయమునకు దూరముగా నెన్నడు నుండలేదు. డ్రమ్ముల విద్వాంసుడు మాక్స్ రోచ్ 1960లో నల్లవారి స్వాతంత్ర్యమును కోరుచు ‘వి ఇన్‌సిస్ట్’ అను కృతిని వెలువరించెను. 1963 సెప్టెంబరులో అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హామ్ నగరమున చర్చిలో బాంబు ప్రేలి నలుగురు బాలికలు మరణించినపుడు, జాన్ కోల్ట్రేన్ ఒక్క పదమైనను లేని శోకమును సాక్సఫోన్‌పై పలికించి, దానికి ‘అలబామా’ అని పేరుపెట్టెను. ఈ పరంపరను తలచికొన్న యెడల, ఇస్రాయేలున జన్మించిన యొక యువకుడు సాక్సఫోన్‌ను చేబట్టి పాలస్తీనీయుల పక్షము వహించుటలో వింత యేమియు లేదు. అతని చరిత్రలో నేర్వదగినదియు కలదు, తప్పించుకొనదగినదియు కలదు. ఆ రెంటిని వేరుపరచి చెప్పుటకే ఈ వ్యాసము.

ఆ యువకుడే గిలాద్ ఆట్జ్‌మన్. ఆయన 1963లో జన్మించెను. తాత ఇర్గున్ అను సాయుధ జియోనిస్టు దళమునకు, అనగా పాలస్తీనాలో యూదరాజ్యమును కోరిన దళమునకు, చెందినవాడు. మనుమడు ఆ వీరగాథల నడుమనే పెరిగెను. యౌవనారంభమున నొకరాత్రి రేడియోలో చార్లీ పార్కర్ వాయించిన సాక్సఫోన్‌ను విని, ఆ వాద్యకారుడు నల్లవాడని తెలిసికొనినపుడు, ఉత్తమమైన ప్రతిదియు తన జాతిదే యనుకొనిన తన నమ్మకము కదలినదని ఆయనయే వ్రాసికొనెను. పిమ్మట సైన్యమున పనిచేయుచు దక్షిణ లెబనాన్‌లోని అన్సార్ నిర్బంధ శిబిరమునకు పోయినపుడు, అచ్చటి చిన్నచిన్న కాంక్రీటు గూళ్లు ఖైదీలను ఏకాంతముగా బంధించు గదులని విని నిశ్చేష్టుడయ్యెననియు, తాను ఏ పక్షమున నిలిచియున్నాడో నాడే తెలిసెననియు ఆయన చెప్పుకొనినాడు. 1994లో ఇంగ్లండునకు వలసపోయి, 2000 సంవత్సరమున నొక వాద్యబృందమును స్థాపించి, తూర్పు జెరూసలేములో పాలస్తీనీయుల రాజకీయ కేంద్రమైన ఓరియెంట్ హౌస్ పేరునే దాని కుంచెను. మరుసటి సంవత్సరము ఆగస్టులో ఇస్రాయేలు ప్రభుత్వము ఆ భవనమును మూయించెను; పేరు మాత్రము లండను వేదికలపై నిలిచినది. 2003లో ఆ బృందపు ‘ఎగ్జైల్’ అను ఆల్బమునకు బీబీసీ జాజ్ పురస్కారము లభించెను. పాలస్తీనా సంతతికి చెందిన రీమ్ కెలానీ కంఠము, ట్యునీసియా దేశీయుడైన ధఫర్ యూసెఫ్ ఊద్ వాద్యము అందులో కలిసియున్నవి.

అరబ్బు సంగీతమును నేర్చిన తీరును గూర్చి ఆట్జ్‌మన్ వ్రాసిన మాట సంగీతప్రియులకెల్ల మననము చేయదగినది. అరబ్బు సంగీతపు మకాములు మన రాగములవంటివి. స్వరమునకు స్వరమునకు నడుమ నుండు సూక్ష్మాంతరములను పాశ్చాత్య స్వరలిపి పట్టజాలదు. కాగితముపై వ్రాసికొని, వ్రేళ్లతో సాధించి వాయింపబోయినపుడు ఆ సంగీతము ఆయనకు వశము కాలేదు. కంటిని నమ్ముట మాని, చెవికి ప్రథమస్థాన మిచ్చి, అరబ్బుల గొంతును గొంతుగా వినుట నేర్చిన పిమ్మటనే అది పలికినదట. దీనినే ఆయన నీతిశాస్త్రముగా సైతము చెప్పెను: పరుని బాధ తెలియవలెనన్న మొదట వినవలెను. గురుముఖమున, శ్రుతిపరంపరగా విద్యను పొందిన దేశమువారమగు మనకు ఈ సూత్రము సులభముగా మనసున కెక్కును. నేను ఆయనను తూచునది ఆయన చేతికిచ్చిన ఈ త్రాసుతోనే.

వినవలసిన బాధ యెట్టిదో చెప్పక ముందునకు పోరాదు. ఇస్రాయేలు రాజ్యమేర్పడిన 1948 యుద్ధకాలమున సుమారు 7 లక్షల పాలస్తీనీయులు తమ ఊళ్లు విడిచి పారిపోయిరి, లేక వెడలగొట్టబడిరి. తాళము వేసి వచ్చిన యిండ్ల తాళపుచెవులను శరణార్థి శిబిరములలో తరతరములుగా దాచుకొనుచున్న కుటుంబములు నేటికిని కలవు. 1967 యుద్ధానంతరము పశ్చిమతీరము, గాజా, తూర్పు జెరూసలేము ఇస్రాయేలు సైనికాక్రమణకు లోనయ్యెను. పొలమునకు, పాఠశాలకు, వైద్యశాలకు పోవు త్రోవలో తనిఖీకేంద్రముకడ గంటలకొలది నిలువవలసిన జీవితములో పుట్టి, అందే పెరిగి పెద్దవారైనవారు లక్షలసంఖ్యలో నున్నారు. దీనిని అన్యాయమనుటకు ఎవ్వరును సంకోచింపవలసిన పనిలేదు.

ఆట్జ్‌మన్ ఈ అన్యాయమును ఖండించుటతో నిలిచియుండిన యెడల ఆయనతో నాకు పేచీయే యుండెడిది కాదు. 2011లో వెలువడిన ‘ది వాండరింగ్ హూ’ అను గ్రంథమున ఆయన యూదులను మూడు తెగలుగా విభజించెను: మతమును పాటించువారు, ఆ వంశమున పుట్టినవారు, యూదత్వమును తక్కిన గుణములన్నిటికంటె మిన్నగా నెంచువారు. తొలి రెండు తెగలవారియెడ తనకు ద్వేషము లేదనియు, మూడవ తెగవారి భావజాలమునే విమర్శించుచున్నాననియు ఆయన వాదము. కాని పుట పుటకు ఆ గీటు చెరిగిపోవుచు వచ్చినది. ఒక ప్రభుత్వము చేసిన పనికి కారణము ఆ ప్రభుత్వపు విధానములలో గాక, ‘యూదత్వము’ అను నొక సంస్కారములోనే యున్నదని నిరూపింపబూనిన వాదము, వద్దనుకొన్నను, ఆ ప్రజనంతటిని బోనులో నిలుపును. జియోనిజమును వ్యతిరేకించు యూదులను సైతము ఆయన అనుమానముతోనే చూచెను.

పుట్టుకనుండి గుణమును, గుణమునుండి నేరమును రాబట్టు తర్కము మనకు క్రొత్తది కాదు. ఈ నేలపై కులవ్యవస్థ శతాబ్దములు నడచినది ఆ తర్కముపైననే. ఇంతకును ‘యూదుడు’ అన నెవడు? గుంటూరు జిల్లాలో చేబ్రోలుకడ కొత్తరెడ్డిపాలెమున తెలుగు మాటలాడు కొన్ని దళిత కుటుంబములవారు తాము ఇశ్రాయేలు గోత్రములలో ఎఫ్రాయీము వంశీయులమని విశ్వసించి, శనివారమున విశ్రాంతిదినము పాటించుచు, తమ ప్రార్థనామందిరమును తాము కట్టుకొనిరి. మెస్సీయ రాకమునుపు యూదరాజ్యమే కూడదని వాదించు ఛాందసులును యూదులే. దైవమునే నమ్మని టెల్ అవీవ్ యువకులును యూదులే. 2023 అక్టోబరులో న్యూయార్కు గ్రాండ్ సెంట్రల్ రైలుస్టేషనున బైఠాయించి, గాజాపై దాడి ఆపుడని నినదించి అరెస్టయినవారిలో పెక్కురును యూదులే. ఇందరిని ఒక్క స్వభావపు సంచిలో మూటగట్టగల తత్త్వశాస్త్రము లేదు. ఉన్నదని పలుకునది తత్త్వము కాదు, పూర్వాగ్రహము.

ఈ మాటను మొట్టమొదట అనవలసినవారు అననే యనిరి. 2012 మార్చిలో అలీ అబూనిమా, జోసెఫ్ మసాద్, ఒమర్ బర్గూతీ మొదలగు ఇరువదిమందికి పైబడిన పాలస్తీనా రచయితలు, కార్యకర్తలు ఒక ప్రకటనపై సంతకములు చేసి, ఆట్జ్‌మన్ వాదములలో జాతివిద్వేషమును, యూదుద్వేషమును తాము చూచుచున్నామనియు, తమ పోరాటము జియోనిజముతోనే గాని యూదులతోను యూదమతముతోను కాదనియు, తమ విముక్తిపోరాటపు పేర జాతిద్వేషమునకు చోటీయజాలమనియు నిష్కర్షగా తెలిపిరి. ఆయన ఆ యారోపణను నిరాకరించెను; తన త్రోవ మాత్రము మార్చుకొనలేదు. ఏ ప్రజ కొరకు తాను పలుకుచున్నాడో, ఆ ప్రజయే ముందుకు వచ్చి, నీ పలుకు మాకు హాని చేయుచున్నదని చెప్పినపుడు వినకపోవుట శ్రవణధర్మమును బోధించినవానికి తగునా? స్వరములయందు అంత సున్నితమైన ఆ చెవి, మనుష్యులయందు మూతపడినది. ఆయన చేసిన పెద్ద తప్పు ఇదియేయని నా నిశ్చితాభిప్రాయము.

ఆ ప్రకటనలోని వివేకము కేవలము సౌజన్యము కాదు. నిర్వాసితునికి మిగిలిన బలము న్యాయమొక్కటే. ఆ న్యాయమున విద్వేషము కలిసిన మరుక్షణమున, ప్రత్యర్థికి జవాబు చెప్పవలసిన భారము తొలగిపోవును. ఇండ్లు కూల్చుటను గూర్చి అడిగినవానికి, నీవు యూదుద్వేషివి అను సమాధానము చాలిపోవును.

ఇక రెండవ ప్రక్కయు చూడవలెను. యూదుద్వేషమను ఆరోపణ సత్యమైన చోట గంభీరమైనది. అయినను అది ప్రశ్నించువాని నోరు మూయించు సాధనముగను వాడబడుచున్నది. 2016లో అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి అంగీకరించిన నిర్వచనమును, దాని ఉదాహరణములను అడ్డుపెట్టుకొని ఇస్రాయేలు విధానములపై విమర్శను అణచుచున్నారని పెక్కుమంది విద్వాంసులు, వారిలో యూదులు సైతము, ఆక్షేపించి, 2021లో జెరూసలేము ప్రకటన అను వేరొక నిర్వచనమును ప్రతిపాదించిరి. రాజ్యమును విమర్శించుటకును, ప్రజను ద్వేషించుటకును నడుమనున్న గీటును స్పష్టపరచుట దాని ప్రయత్నము. అట్లే 2018 డిసెంబరులో లండనులోని ఇజ్లింగ్టన్ స్థానిక మండలి, తన సభాభవనమున బ్లాక్‌హెడ్స్ బృందముతో ఆట్జ్‌మన్ వాయింపరాదని నిషేధించుట నాకు సమ్మతము కాదు. ఆయన వాక్యములకు వాక్యములతో ఎదురునిలువవలెను. సాక్సఫోన్‌కు తలుపు మూయుట ఆ వాక్యముల నొక్కదానిని ఖండింపలేదు, పైగా వక్తకు త్యాగవీరుని కిరీటమును పెట్టినది.

సంగీతము, యూదత్వము, పాలస్తీనా ఈ మూడును ద్వేషము లేక కలియగలవా యని అడుగువారికి ఎడ్వర్డ్ సయీద్, డేనియల్ బారెన్‌బోయిమ్‌ల స్నేహము సమాధానము. జెరూసలేమున జన్మించిన పాలస్తీనా పండితుడును, ఇస్రాయేలు పౌరుడైన యూదు సంగీతకారుడును కలిసి 1999లో జర్మనీలోని వైమార్ నగరమున ఇస్రాయేలీయులను, అరబ్బులను ఒక్క వాద్యబృందముగా కూర్చిరి. వైమార్ జర్మన్ కవి గెటే నివసించిన యూరు. యూదులు మున్నగువారిని చంపిన బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరము ఆ నగరమునకు కొద్ది దూరముననే యున్నది. పాలస్తీనావాడు యూదుల మహాసంహారమును, యూదుడు పాలస్తీనీయుల నిర్వాసనమును గుర్తించనిదే సంభాషణ లేదని సయీద్ జీవితాంతము వాదించెను. బారెన్‌బోయిమ్ 2008లో పాలస్తీనా పౌరసత్వమును స్వీకరించెను. ఆ బృందమువలన ఆక్రమణ తొలగలేదు, నిజమే. తొలగించుట వాద్యబృందపు పనియు కాదు. ఒకరి దుఃఖమును అంగీకరించుటకు రెండవవారి దుఃఖమును కాదననక్కరలేదని అది చూపినది.

2023 అక్టోబరు 7వ తేదీని పాలస్తీనా సాయుధసంస్థయగు హమాస్ ముఠాలు ఇస్రాయేలున సుమారు 1,200 మందిని చంపి, సుమారు 250 మందిని బందీలుగా కొనిపోయిన పిమ్మట, గాజాపై సాగిన యుద్ధమున మృతులు, అచ్చటి ఆరోగ్యశాఖ లెక్కల ప్రకారము, 60 వేలు దాటిరి. వారిలో పసిపిల్లలు వేలకొలది. ఈ దారుణము మన తెలుగునాట సైతము మాటల యుద్ధమైనది. పాలస్తీనాపై జాలితో మొదలిడి హిట్లరును పొగడుటతో ముగించువారు ఒక వంకను, ఇస్రాయేలుపై అభిమానమో, మన దేశపు ముస్లిములపై కోపమో ప్రేరేపింపగా గాజాలో శిశుమరణములకు సంతసించువారు వేరొక వంకను కనబడుచున్నారు. పాలస్తీనా విమోచన సంస్థను 1974లోను, పాలస్తీనా రాజ్యమును 1988లోను గుర్తించి, 1992లో ఇస్రాయేలుతో పూర్తి దౌత్యసంబంధములు నెలకొల్పుకొనిన మన దేశమునకు ఈ రెండు పోకడలును తగవు.

ఆక్రమణ తొలగవలెననియు, పాలస్తీనీయులకు తమ నేలపై సమానగౌరవముతో బ్రదుకు హక్కు కలుగవలెననియు కోరువారు ఆ కోరికను బిగ్గరగా, వెనుదీయక పలుకవలెను. పలుకునపుడు యూదజాతిపై ఒక్క నిందావాక్యము చేరినను దానిని అచ్చటనే, ఆ గుంపులోనే, మిత్రుని నోటినుండి వచ్చినదైనను ఖండింపవలెను. ఇది మధ్యేమార్గము కాదు, పిరికితనము అంతకంటె కాదు. పాలస్తీనీయులే 2012లో మనలను అడిగిన సహాయమిది. వారి పక్షమున నున్నామని చెప్పుకొనువారు మొదట చేయవలసినది ఆ మాటను వినుట.