నాడి చూచు చేయి

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. పంకా గాలికి దోమలు ఎగిరిపోవునని దానిని ఆపించి, ఉక్కలో సూక్ష్మదర్శినిపై వంగి కూర్చుండెను. హుసేన్ ఖాన్ అను రోగికి, అతనిని కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున చెల్లించెను. వైద్యుడే రోగికి సొమ్మిచ్చిన ఆ ఉదంతము నేడు వింతగా తోచును.

ఆ చోటికి అల్వాల్ ఏమంత దూరము కాదు. అల్వాల్‌లో 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వము పెద్ద ఆసుపత్రికి శంకుస్థాపన చేసినది. భవనములు కావలసినవే. కాని వాటిలో కూర్చుండు వైద్యుడు ఎట్టివాడు?

పూర్వము ఇంటిల్లిపాదికి ఒక్క వైద్యుడే మందిచ్చెడివాడు. తాతగారి ఉబ్బసము, మనుమని కోరింతదగ్గు ఆయన ఎరిగినవే. నేడు గుండెకు ఒకరు, మూత్రపిండములకు మరొకరు. ఈ విభజన వలన నిలిచిన ప్రాణములు అనేకము. దానిని నిందించుట అవివేకము. అయితే అవయవమును ఎరిగినంతగా మనిషిని ఎరుగుట తగ్గినది. నాడి పట్టకముందే పరీక్షల చీటీ చేతికి వచ్చుచున్నది.

రుసుము గైకొని చేయు వైద్యము వినియోగదారుల చట్టమునకు లోబడునని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నష్టపోయిన రోగికి అది అండ. కాని రోగి కొనుగోలుదారుడై, వైద్యుడు కాబోవు ప్రతివాదియై ఎదురెదురుగా కూర్చున్నచో విశ్వాసము ఎట్లు నిలుచును? మందులను వీలైనంతవరకు జనరిక్ పేర్లతో వ్రాయవలెనని 2002 నాటి వైద్యమండలి నియమావళి చెప్పినది. మందుల కంపెనీల కానుకలను 2009 నాటి సవరణ నిషేధించినది. నిషేధింపవలసి వచ్చినదనుటలోనే రోగ లక్షణము తెలియుచున్నది.

దోషము వైద్యునిది మాత్రమే కాదు. లక్షలు పోసి చదివించిన తండ్రి ఆ సొమ్ము తిరిగి రావలెననును. ఆసుపత్రికి పెట్టుబడి పెట్టినవాడు రాబడి కోరును. సూది వేయనివాడు వైద్యుడే కాడని రోగి తలచును. ఓపికగా మాట్లాడి, మందు అక్కరలేదని పంపు వైద్యునికి రుసుమిచ్చుటకు ఎందరికి మనసొప్పును?

లెక్కలలో, శాస్త్రములో మార్కులు తెచ్చుకొన్న విద్యార్థితో "నీవు డాక్టరువు కావలెను" అనని ఉపాధ్యాయుడు అరుదు. ఎందుకు కావలెనో చెప్పువారు మరింత అరుదు. బేగంపేట ఉక్కలో కూర్చున్న వైద్యుని కథ చెప్పునప్పుడు, చేయి చాచి దోమకాటుకు ఓర్చిన హుసేన్ ఖాన్ కథ కూడ చెప్పుట మేలు. రోగి లేనిదే వైద్యుడు లేడన్న పాఠము వైద్యకళాశాలకు ముందే, బడిలోనే ఆరంభము కావలెను.