రంగు వేసే చేతులేవి?

ముఖానికి రంగు పూయడమంటే ఏమిటో గోదావరి జిల్లాల వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. చిలకమర్తి వారి ‘గయోపాఖ్యానం’ నాటకంలో టంగుటూరి ప్రకాశం పంతులు కుర్రతనంలో వేషం కట్టింది రాజమండ్రిలోనే. అర్దళం, సఫేదా, ఇంగిలీకం, కాటుక, తెల్లవారాక రంగు వదిలించుకోవడానికి కాస్త కొబ్బరినూనె. ఈ సరంజామా పెట్టెలో పెట్టుకుని ఊరూరా తిరిగిన రంగులవాళ్లను ఎరిగిన పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పుడు ఆడపిల్లలు మరో వేదిక ఎక్కుతున్నారు. అది దేహదారుఢ్య పోటీల వేదిక. అక్కడా రంగు కావాలి. అయితే ముఖానికి ఒక్కదానికే కాదు, మెడ మొదలు మడమ దాకా కావాలి. ఆ రంగు ఎవరు వేయాలి, ఎక్కడ నిలబెట్టి వేయాలి అనే ప్రశ్న నిర్వాహకులకు చివరి నిమిషం వరకూ తట్టదు.

అసలు రంగు ఎందుకని అడిగేవారు ఉంటారు. వేదిక మీద దీపాల వెలుగు నేరుగా పడితే చామనఛాయ ఒళ్లు కూడా పాలిపోయి, కండరాల మధ్య గీతలు కనిపించవు. ఏళ్ల తరబడి చేసిన సాధన న్యాయనిర్ణేతల కంటికి ఆనదు. ఒళ్లంతా ఒకే ముదురు ఛాయలో ఉంటేనే వెలుగునీడలు కండ మీద నిలుస్తాయి. వెయిట్ లిఫ్టింగులో ఈ బాధ లేదు. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరికి కాంస్యం తెచ్చింది ఆమె ఎత్తిన బరువు. దేహదారుఢ్యంలో తూకపురాళ్లు లేవు, చూసే కన్నే తక్కెడ.

ఈ రంగు నాటకాల రంగు వంటిది కాదు. ఇందులో ఉండే డైహైడ్రాక్సీఅసిటోన్ అనే పదార్థం చర్మం పైపొరలోని మృతకణాలతో కలిసి గోధుమరంగుకు తిరుగుతుంది. పూసిన వెంటనే తేలదు, కొన్ని గంటలు పడుతుంది. కొబ్బరినూనె రాసినా వదలదు. పైపొర రాలేకొద్దీ వారం రోజుల్లో దానంతటదే పోతుంది. అందుకే ముందు నలుగు పెట్టినట్టు ఒళ్లు రుద్ది స్నానం చేయాలి. ఆ తర్వాత నూనె, పౌడరు, సెంటు ఏదీ తగలకూడదు. చంకల్లో వాసన పోవడానికి వాడే మందు మిగిలి ఉంటే అక్కడ రంగు పచ్చబారుతుంది. మోచేతులు, మోకాళ్లు, చీలమండలు ఎక్కువ పీల్చుకుంటాయి కనుక అక్కడ పలచగా పూయాలి. అరచేతులు వెంటనే తుడవాలి. పిచికారీ చేసేటప్పుడు కళ్లు, ముక్కు, పెదవులు కప్పుకోవాలి. ఒంటికి పడుతుందో లేదో వారం ముందే మోచేతి మడతలో కొంచెం రాసి చూసుకోవడం మంచిది.

ముఖం పని చివర. ఒంటి రంగు తేలాకనే ఫౌండేషను ఎంచాలి. ఆ ఎంపిక రోజూ అద్దంలో కనిపించే ముఖాన్ని బట్టి కాదు, రంగు పట్టిన మెడను బట్టి చేయాలి. ఇది తప్పితే తల ఒకరిది, మొండెం ఒకరిది అన్నట్టు ఉంటుంది. కనుబొమలు, కాటుక, బుగ్గల ఎరుపు వెనక బెంచీలకు కూడా తెలిసేంత గట్టిగా దిద్దాలి.

నియమాలు కూడా ఉన్నాయి. అంతర్జాతీయ సమాఖ్య 2012 నవంబరులో మహిళల ఫిజిక్‌ను ప్రత్యేక విభాగంగా గుర్తించింది. తుడిస్తే ఊడివచ్చే రంగు ఆ సమాఖ్య పోటీల్లో పనికిరాదు. కృత్రిమ రంగు వేసుకుంటే పోటీకి కనీసం 24 గంటల ముందే వేసుకోవాలి. నూనె మితంగానే రాసుకోవాలి.

చిక్కు ఇక్కడే ఉంది. మగవాళ్లయితే వేదిక వెనక నిలబడి, స్నేహితుడి చేతికి బ్రష్ ఇచ్చి వీపు తిప్పుతారు. ఆడపిల్ల ఆ పని ఎక్కడ చేయించుకుంటుంది? తన వీపు తాను పూసుకోలేదు కదా. తలుపు గడియ పడే గది, పెద్ద అద్దం, మంచి వెలుతురు, పని తెలిసిన స్త్రీ చేతులు. ఈ నాలుగూ అలంకారాలు కావు, ఆటకు కావలసిన సామగ్రి. పరుగు పందేనికి గీతలు గీయకుండా పరిగెత్తమంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

దీనికి తోడు డెల్టా ఉక్కపోత. రాత్రి పూసిన రంగు తెల్లవారేసరికి చెమటకు చారలు కడుతుంది. కోనసీమ పల్లెలో పూసుకుని బస్సెక్కి రాజమండ్రి చేరే పిల్ల ఒంటి మీద ఏం మిగులుతుంది? లాడ్జిలో దిగితే దుప్పట్లకు అంటిందని యజమాని తగువు. కనీసం ముందురోజు సాయంత్రం నుంచి ఫ్యాను తిరిగే ఒక గది పోటీ జరిగే చోటే ఇస్తే సగం కష్టం తీరుతుంది.

ఇంట్లో మరో రకం పోరు. ‘ఎండలోకి వెళ్లకే అమ్మడూ, నల్లబడతావు’ అని చిన్ననాటి నుంచి వింటూ పెరిగిన పిల్ల, కావాలని నల్లబడి వేదిక ఎక్కాలి. పెళ్లిచూపులకు తెల్లదనం, పతకానికి నల్లదనం! ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీము 2020లో పేరు మార్చుకుంది కానీ, సంబంధాలు కుదిర్చేవారి మాట మారలేదు. మన పట్టణాల్లో పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే బ్యూటీపార్లర్ల వారి నైపుణ్యం సామాన్యమైనది కాదు. ఆ చేతుల అలవాటంతా ఛాయ పెంచడం మీదే ఉంది. ఛాయ దించడం నేర్పితే వారాల్లో పట్టుకోగలరు.

స్త్రీలకు ఈ వృత్తి కొత్త కాదు. 1885లో పుట్టిన సురభి వారి నాటకాల్లో ఆడవారే ఆడవేషాలు కట్టారు. అయినా సినిమా రంగంలో స్త్రీలను కేశాలంకరణకు పరిమితం చేసి మేకప్ పని ఇవ్వకుండా సంఘాలు అడ్డుకుంటే, 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదనవలసి వచ్చింది. సినిమాలో తెరిచిన తలుపు జిల్లా పోటీల వేదిక వెనక ఎందుకు తెరవకూడదు?

ఆడపిల్లలు అలాంటి దుస్తుల్లో రంగు పూసుకుని నిలబడడమేమిటని ముఖం చిట్లించే పెద్దమనుషులూ ఉన్నారు. విజయదశమి నాడు అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా చూసి ఈలలు వేసేదీ వారే. కుర్రాడి కండ ఊరికి గౌరవమైతే, పిల్ల కండ అగౌరవం ఎలా అవుతుందో వారే చెప్పాలి. అది వారి ఇష్టం. నిర్వాహకులకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. మహిళల విభాగం ఉందని ప్రకటించి, ప్రవేశ రుసుము తీసుకున్నాక వసతి కల్పించడం వారి బాధ్యత. రంగు వేసే స్త్రీకి ఇచ్చే కూలి పోటీ ఖర్చులోనే పడాలి. వేదికకు వేసే పూలదండల ఖర్చులో కొంత తగ్గించినా సరిపోతుంది.

కరపత్రాల్లో ముఖ్య అతిథుల పేర్లకు సగం కాగితం పోతుంది. మహిళలకు రంగు గది ఎక్కడ, ముందురోజు ఎన్నింటికి తెరుస్తారు, ఎవరిని అడగాలి అన్నది ఆ పేర్ల కింద ఇకనైనా అచ్చు వేయించాలి.