ఆమె ఏ తలుపు తట్టాలి?

ప్రతి శుక్రవారం మసీదులో ఖుత్బా వింటాం. భార్యాబిడ్డల పట్ల మంచిగా మెలగమన్న దైవప్రవక్త (స) బోధను విని తల ఊపుతాం. అయితే ఆ బోధను ఒక భర్త పెడచెవిన పెట్టి, అర్ధరాత్రివేళ భార్యను చంటిబిడ్డతో సహా గడప బయటికి నెట్టివేస్తే ఆమె ఏ తలుపు తట్టాలి? మన మొహల్లాల వద్ద దీనికి జవాబు ఉందా?

పుట్టింటికి వెళితే, “సర్దుకుపో తల్లీ, నీ వెనక ఇంకా ఇద్దరు చెల్లెళ్లున్నారు” అంటారు. పోలీసు స్టేషనుకు వెళితే, “ఇది మీ మతం వ్యవహారం, మీ ఖాజీ దగ్గరికి పోండి” అంటారు. ఖాజీ సాహెబ్ వద్దకు వెళితే, “మగవాళ్లనెవరినైనా వెంటబెట్టుకురా బేటీ” అంటారు. మూడు తలుపులూ మూసుకుపోయాక ఆమె మళ్లీ ఆ గడపకే చేరుతుంది. దానినే మనం సబ్ర్ అని మెచ్చుకుంటాం! దిక్కులేక ఊరుకోవడం వేరు, సబ్ర్ వేరు. ఈ తేడా తెలియనివాళ్లమా మనం?

ఈ నాలుగో తలుపు తెరవడానికి కొందరు స్త్రీలే పూనుకున్నారు. హైదరాబాదు పాతనగరంలోని సుల్తాన్‌షాహీలో 2002లో ‘షాహీన్’ అనే మహిళా కేంద్రం మొదలైంది. ప్రారంభించినవారు ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్. షాహీన్ అంటే డేగ. ఇక్బాల్ కవిత్వం చదివినవారికి ఆ పక్షి ఎత్తున ఎగరడానికి గుర్తని వేరే చెప్పనక్కరలేదు. ముస్లిం స్త్రీలతోపాటు దళిత, వెనుకబడిన వర్గాల స్త్రీలకూ ఆ కేంద్రం తోడుగా నిలిచింది. ముంబైలో ‘ఆవాజ్-ఎ-నిస్వాన్’, తమిళనాడులోని పుదుక్కోట్టైలో దావూద్ షరీఫా ఖానమ్ నడిపిన ‘స్టెప్స్’ సంస్థ కూడా ఈ కోవలోనివే. పుదుక్కోట్టైలోనైతే స్త్రీలు తమ గోడు చెప్పుకోవడానికి ఏకంగా స్త్రీల జమాఅత్‌నే ఏర్పాటు చేసుకున్నారు.

ఇలాంటి కేంద్రాలు ఎలా పెరుగుతాయో గమనించవలసి ఉంది. “హక్కులు నేర్చుకోవడానికి వెళ్తాను” అంటే ఏ ఇంట్లోనూ ఆడపిల్లను పంపరు. “కుట్టుపని నేర్చుకుంటాను, మెహందీ నేర్చుకుంటాను” అంటే పంపుతారు. అందుకే ముందు కుట్టుమిషన్లు వస్తాయి. మిషను ముందు కూర్చున్న పిల్ల నాలుగు రోజులు మాట్లాడదు. అయిదో రోజు చేతిమీది వాత చూసి పక్కనున్న ఆమె అడుగుతుంది. అక్కడి నుంచి మాట మొదలవుతుంది. మాట నుంచి ధైర్యం, ధైర్యం నుంచి సలహా, సలహా నుంచి పోలీసు స్టేషను, కోర్టు, ఖాజీ కార్యాలయం దాకా వెంట నడిచే ఒక తోడు పుడతాయి. ఇంట్లోనే కూర్చుని జర్దోజీ పని, లక్క గాజుల పని చేసే స్త్రీలకు దళారి ఎంత ఇస్తే అంతే కూలి. నలుగురు ఒకచోట చేరాకే ‘ఇంతేనా?’ అని అడిగే నోరు వస్తుంది.

ఈ పని మనకు కొత్త కాదు. సుగ్రా హుమాయూన్ మీర్జా అనే విదుషీమణి ఇదే హైదరాబాదులో స్త్రీల కోసం పత్రిక నడిపారు, 1934లో బాలికల కోసం మదర్సా సఫ్దరియాను నెలకొల్పారు. ఇంకా వెనక్కి వెళదాం. సహీ బుఖారీలో హజ్రత్ ఆయిషా (ర.అన్హా) తెలిపిన ఒక ఉదంతం ఉంది. విముక్తి పొందిన ఒక నల్లజాతి దాసి మీద ఆమె పాత యజమానులు దొంగతనం నింద మోపి అవమానించారు. నింద అబద్ధమని తేలింది. ఆమె మదీనా చేరి ఇస్లాం స్వీకరించింది. నా అన్నవాళ్లు లేని ఆ స్త్రీకి ఒక చిన్న గుడారం వెలసింది. ఎక్కడో తెలుసా? మసీదులోనే! ఆమె హజ్రత్ ఆయిషా వద్దకు వచ్చి కూర్చుని మాట్లాడుతూ ఉండేది. నిరాశ్రయురాలైన స్త్రీకి మసీదే నీడనిచ్చిన ఉమ్మత్ మనది. నేడు మన మసీదు ఆవరణల్లో అద్దెకిచ్చే దుకాణాలకు చోటుంది, ఫంక్షన్‌హాలుకు చోటుంది, ఆమె కూర్చుని గోడు చెప్పుకోవడానికి ఒక్క గది లేదు.

“ఇంటి గుట్టు బయట పెట్టడం తగదు” అని పెద్దలు అంటారు. మంచి మాటే. కాని దంపతుల మధ్య చీలిక భయం కలిగితే ఆయన తరఫున ఒకరిని, ఆమె తరఫున ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమని సూరె నిసా 35వ వాక్యం ఆదేశిస్తోంది కదా! అంటే తగవును నాలుగు గోడల మధ్య కుళ్లనివ్వవద్దనే కదా అర్థం? హజ్రత్ ఖౌలా (ర.అన్హా) తన భర్త అన్న మాటపై ప్రవక్త (స) సన్నిధికే వచ్చి వాదించింది. ఆ ఫిర్యాదుతోనే సూరె ముజాదలా ప్రారంభమవుతుంది. ఆమె మొర అల్లాహ్ ఆలకించాడు. మొహల్లా కమిటీ ఆలకించకపోతే ఎలా?

“ఈ కేంద్రాలు కాపురాలు విడగొడతాయి” అన్నది రెండో ఆక్షేపణ. విడిపోవాలని ఇల్లు విడిచి వచ్చే స్త్రీలు తక్కువ. కొట్టడం ఆపించమని, బిడ్డల ఖర్చు ఇప్పించమని, జహేజ్‌గా తెచ్చిన సామాను తిరిగి ఇప్పించమని అడిగేవారే ఎక్కువ. ఇక కలిసి బతకడం అసాధ్యమైతే స్త్రీకి ఖులా హక్కు షరీఅత్ ఇచ్చిందే. మన ఆడపిల్లల్లో ఎందరికి ఆ మాట తెలుసు?

చట్టం సంగతి చూద్దాం. గృహహింస నుంచి రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. అది అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. ఉమ్మడి నివాసం నుంచి ఆమెను వెళ్లగొట్టరాదని చెబుతుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఇద్దత్ గడువు తర్వాతి జీవనానికి కూడా భర్త న్యాయమైన ఏర్పాటు చేయాలని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, తలాఖ్ పొందిన ముస్లిం స్త్రీ కూడా సాధారణ చట్టం కింద భరణం కోరవచ్చునని 2024 జూలై 10న మళ్లీ చెప్పింది. ఒకేసారి మూడు తలాఖ్‌లు చెల్లవని 2017లో తీర్పు రాగా, 2019లో పార్లమెంటు దానిని నేరంగా చేసింది. ఈ తీర్పులు, చట్టాలపై ఉలమాలలో, మేధావులలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ సాగనివ్వండి. కాని చర్చ తెగేదాకా పిల్లలు పస్తులుండలేరు. భర్త జైలుకు వెళితే మాత్రం ఆ ఇంటికి బియ్యం ఎవరు తెస్తారు?

కాబట్టి ఆమెకు చట్టమూ ఉంది, షరీఅత్ కూడా ఉంది. ఆ రెండింటి దాకా ఆమెను చేయి పట్టుకుని తీసుకువెళ్లే మనిషే లేదు. కేంద్రం చేసే పని అదే. ప్రభుత్వం 2015లో ‘సఖి’ కేంద్రాల పథకం తెచ్చింది, 181 నంబరుకు ఫోను చేయవచ్చు. అక్కడ తాత్కాలికంగా అయిదు రోజుల ఆశ్రయం దొరుకుతుంది. మరి ఆరో రోజు? ఆ ఆరో రోజు మన బాధ్యత.

మరొక గాయం గురించి చెప్పక తప్పదు. గల్ఫ్ నుంచి వచ్చిన ముసలి షేక్‌లకు పాతనగరం ఆడపిల్లలను నికాహ్ పేరిట అమ్ముకున్న దారుణం 1991లో అమీనా ఉదంతంతో దేశానికంతటికీ తెలిసింది. 2017 సెప్టెంబరులో కూడా హైదరాబాదు పోలీసులు గల్ఫ్ దేశస్థులను, వారికి తోడ్పడిన ఖాజీలను అరెస్టు చేశారు. పవిత్రమైన నికాహ్‌ను బేరంగా మార్చినవారు మన మధ్యవారే. అలాంటి పిల్లకు అండగా నిలిచినవారిని ‘సమాజం పరువు తీశారు’ అని నిందించడం ఏ న్యాయం? పరువు పోయింది పిల్లను అమ్మిన నాడు, ఆ సంగతి బయటపడిన నాడు కాదు.

ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మా అనుభవం ఒకటి విన్నవించుకుంటాం. తెలుగు మాత్రమే చదవగల తల్లులు తమ కూతుళ్ల సియాహాలు తెచ్చి మా చేత చదివించుకుంటారు. అది ఉర్దూలో ఉంటుంది. మెహర్ ఎంత రాశారో, నగదా, వాయిదానా అన్నది కాపురం చెడ్డాక వారికి తెలుస్తుంది. కోస్తా జిల్లాల్లో, రాయలసీమలో తెలుగే ఇంటి భాషగా ఉన్న కుటుంబాల కష్టం ఇది. సియాహా తెలుగులో కూడా రాయించి, నికాహ్‌కు ముందే వధువుకు చదివి వినిపిస్తే ఎన్ని కన్నీళ్లు ఆగుతాయో!

కేంద్రాలు నడిపేవారికీ ఒక మాట. ఎన్ని మిషన్లు పంచారు, ఎన్ని ఫొటోలు పత్రికల్లో వచ్చాయి అన్నది ఎదుగుదల కాదు. దాతల ప్రాజెక్టు మూడేళ్లకు ముగిస్తే తలుపులు మూసుకునే కేంద్రం స్త్రీని రెండోసారి రోడ్డుమీద వదిలినట్లే. ఆమె గుట్టు కాపాడండి. ఆమె కథను నివేదికల్లో సరుకు చేయకండి. ఇక్కడికి సాయం కోరి వచ్చిన స్త్రీయే రేపు మరొకరికి సలహా చెప్పే స్థితికి రావాలి. అదే నిజమైన ఎదుగుదల.

ఇక మన జమాఅత్‌లు చేయదగినవి ఏమిటి? మసీదు ఆవరణలో, లేదా వక్ఫ్ భవనంలో ఒక గది ఇవ్వండి. వారానికి రెండు రోజులు చదువుకున్న స్త్రీలు అక్కడ కూర్చోవాలి, బయట నిలబడే పెత్తనం మగవారికి వద్దు. గెంటివేయబడిన పేద స్త్రీ జకాత్‌కు అర్హురాలు, ఆమె చేతికే అందించండి. గది అద్దెకు, జీతాలకు జకాత్ చెల్లదని హనఫీ ఉలమా అంటారు గనుక వాటికి సదఖా, విరాళాలు వేరుగా తీయండి. జోడే కీ రఖమ్ పుచ్చుకున్న ఇంటి వలీమాకు పెద్దలు వెళ్లడం మానండి. వయసు రుజువు లేనిదే నికాహ్ చదవవద్దని ఖాజీ సాహెబులను కోరండి.

సోదరులారా! మీ కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు దుఆ చేసి పంపుతారు. ఆ దుఆతోపాటు, కష్టం వస్తే తట్టడానికి ఒక తలుపు చిరునామా కూడా చెప్పి పంపండి. మీ ఊళ్లో అలాంటి తలుపు లేకపోతే, ఈ జుమా నమాజ్ తర్వాత ముతవల్లీ సాహెబ్‌ను ఒక గది అడగండి.