హౌసింగ్ మార్చే ముందు హోరు ఎక్కడిదో తేల్చండి!

సైబరాబాద్‌లో పాత బండ్లు నడుపుకునే ఓనర్ కమ్ డ్రైవర్లకు, ట్రిప్పులిచ్చే వెండర్లకు, షెడ్డు మేస్త్రీలకు



పోయిన వారం రాత్రి లాగౌట్ ట్రిప్పులో మన కొండాపూర్ స్టాండు బండి ఒకటి రాయదుర్గం దగ్గర కూలబడింది. ఎడమ వెనక చక్రం డ్రమ్ముతో, యాక్సిల్ షాఫ్టుతో సహా జానెడు బయటికొచ్చేసింది. లోపల ముగ్గురు ఆడపిల్లలున్నారు. సిగ్నల్ దగ్గర మెల్లగా కదులుతున్న బండి కాబట్టి బతికిపోయారు. అదే ఔటర్ మీదైతే?

ఆ బండి చాలా రోజులుగా వెనక నుంచి హోరుమంటూనే ఉంది. మొదట టైర్లన్నారు, మార్పించాడు. తర్వాత చిక్కటి ఆయిల్ పోశారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఆ తర్వాత బేరింగ్ వేశారు. వేసినవాళ్లు పాత కాలర్‌నే సుత్తితో కొట్టి మళ్లీ ఎక్కించారు. తీరా చక్రం ఊడొచ్చాక అదే షెడ్డువాళ్లు ఏమన్నారో తెలుసా? "వెనక యాక్సిల్ హౌసింగ్ పూర్తి సెట్టు మార్చాలన్నా."

ఈ ఒక్క మాట మీద పోరాడటానికే ఈ కరపత్రం.

1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత ఇక్కడ రాత్రి షిఫ్టులు నడిచాయంటే సుమోలు, క్వాలిస్‌లు, టవేరాలు, ఇన్నోవాల వల్లే. హైటెక్ సిటీకి మెట్రో వచ్చింది 2019లో, అర్ధరాత్రి షిఫ్టుకు అది ఇప్పటికీ రాదు. క్వాలిస్ తయారీ 2005లో ఆగింది, టవేరా 2017లో, సుమో 2019లో. తయారీ ఆగింది గానీ మన కిస్తీలు ఆగలేదు, ఇంటి ఖర్చులూ ఆగలేదు. బండి పాతదైంది, అమ్మేసి కొత్తది కొనుక్కోరాదా అనేవాళ్లు ఆ డౌన్ పేమెంట్ కూడా వాళ్లే కట్టాలి. వాళ్లతో మనకు మాటల్లేవు.

హోరు ఎక్కడిదో తేల్చడం బ్రహ్మవిద్యేం కాదు. రాత్రి ఖాళీగా ఉన్న సర్వీసు రోడ్డు మీద అద్దాలెత్తి అరవై స్పీడులో పోండి. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే శబ్దం మారితే టైర్లను అనుమానించండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కుయ్యిమని, వదలగానే ఆగిపోతే క్రౌన్, పినియన్ వైపు చూడాలి. తొక్కినా వదిలినా, న్యూట్రల్ చేసినా ఒకే గొణుగుడు స్పీడుతోపాటు పెరుగుతుంటే చక్రం బేరింగ్. ఏ వైపుదో కూడా బండే చెబుతుంది. స్టీరింగ్ కొంచెం కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే పోయింది ఎడమ బేరింగే. గేరు వేసి క్లచ్ వదలగానే టక్కుమంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ చూడండి, హౌసింగ్ జోలికి తర్వాత పోవచ్చు.

తర్వాత షెడ్డులో. ముందు చక్రాలకు అడ్డు వేసి, వెనక రెండు చక్రాలూ లేపి, స్టాండ్లు పెట్టించండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరినీ దూరనివ్వొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే తెలుస్తుంది. చేత్తో తిప్పుతూ ఇంకో చేయి హౌసింగ్ చివర ఆనిస్తే, పోయిన బేరింగ్ గరగర వేళ్లకు తెలుస్తుంది. ఆయిల్ దింపించి వేళ్ల మధ్య రుద్దండి. బూడిదలాంటి సన్నపొడి కొంత సహజమే. పెచ్చులు, పంటి ముక్కలు వస్తే లోపల పళ్లు పోతున్నట్టే. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు దూరాయి. వానాకాలంలో మల్కం చెరువు దగ్గర నిలిచే నీళ్లలో మన బండ్లు ఎలా ఈదుతాయో చూస్తూనే ఉన్నాం. వేడెక్కిన హౌసింగ్ చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, బ్రీదర్‌లోంచి నీళ్లను పీల్చుకుంటుంది. అదే బ్రీదర్ బురదతో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, నిన్న వేసిన కొత్త సీలు కూడా కారుతుంది. సీలు మీద సీలు వేయించుకున్నవాళ్లున్నారు మనలో. బ్రీదర్ తుడిచిన మేస్త్రి ఎంతమందికి దొరికాడు?

ఇవేవీ చూడకుండా "పూర్తి సెట్టు" అంటున్నారంటే అది దోపిడీ. మెత్తగా చెప్పే ఓపిక ఇక లేదు. బేరింగ్, సీలు, కాలర్ రేటు ఎంతో, హౌసింగ్ సెట్టు రేటు ఎంతో రాణీగంజ్‌లో ఒకసారి అడగండి, నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. పైగా ఆ "సెట్టు" కొత్తదా? తుక్కుకు పోయిన బండిది కడిగి, నల్ల రంగు కొట్టి ఎక్కిస్తారు. మన హౌసింగ్ మాత్రం షెడ్డులోనే ఉండిపోతుంది. అందులో నిక్షేపంగా ఉన్న క్రౌన్, పినియన్ రేపు ఇంకో తమ్ముడి బండికి ఎక్కించి డబ్బులు గుంజుతారు. ఒకే హౌసింగ్‌ను ఇద్దరికి అమ్మే వ్యాపారం ఇది!

ఇంకో మోసం పళ్ల లెక్కలో ఉంది. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 ఉంటే నిష్పత్తి 4.1. వేరే మోడల్ హౌసింగ్ తెచ్చి బిగిస్తే ఈ లెక్క మారొచ్చు. అప్పుడు ఇంజను తిరిగే లెక్కా, మైలేజీ, చాలా బండ్లలో మీటరు చూపే కిలోమీటర్లూ తప్పుతాయి. హోరు పోయిందని సంబరపడి నెలనెలా డీజిల్‌లో కట్టుకుంటూ పోతాం.

నిజంగానే క్రౌన్, పినియన్ పోయాయనుకోండి. అవి జతగా తయారయ్యేవి, జతగానే మార్చాలి. పళ్ల మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల లెక్క. దాన్ని డయల్ గేజ్‌తో కొలవాలి, పళ్లకు రంగు పూసి ఎక్కడ ఆనుతున్నాయో చూడాలి. చెవితో, చేత్తో బిగించేసి "సెట్ అయింది పో అన్నా" అనే చోట బండి దించకండి. బేరింగ్ పనికీ అంతే. ప్రెస్ లేని షెడ్డులో యాక్సిల్ బేరింగ్ వేయించొద్దు. బేరింగ్‌ను షాఫ్టు మీద కాలర్ పట్టి ఉంచే బండ్లలో కాలర్ కొత్తదే వేయాలి. అది జారితే చక్రం షాఫ్టుతో సహా బయటికొస్తుంది. రాయదుర్గంలో జరిగింది అదే.

వెండర్లకు, కంపెనీల ట్రాన్స్‌పోర్టు డెస్కులకు ఒక మాట. జీపీఎస్ ఉందా, మంటలార్పే సిలిండరుందా, గార్డు ఎక్కాడా, డ్రైవర్ చొక్కా ఇస్త్రీ అయిందా అన్నీ చూస్తారు. కిందికి వంగి వెనక చక్రం లోపల ఆయిల్ తడి ఉందా అని చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. సీలు కారి ఆ ఆయిల్ బ్రేకు లైనర్లకు తగిలితే ఆ చక్రానికి బ్రేకు పట్టదు. డ్రైవర్ బండి హోరు పెడుతోందని చెబితే ట్రిప్పు కోస్తారు, పెనాల్టీ వేస్తారు. అందుకే చెప్పకుండా నడుపుతున్నాం. హోరు చెప్పిన రోజు పెనాల్టీ లేకుండా బండిని షెడ్డుకు వదలండి. ఇది దయ కాదు, మీ ఉద్యోగుల ప్రాణం.

అన్నలారా, ఈ రోజు నుంచి మనం ఒక మాట మీద ఉందాం. ఏ భాగం ఎందుకు పోయిందో కాగితం మీద రాసివ్వని షెడ్డుకు బండి ఇవ్వొద్దు. విప్పేటప్పుడు పక్కనే నిలబడండి. తీసిన పాత సామాను చేతికి వచ్చాకే డబ్బులివ్వండి. నిజాయితీగా పనిచేసే మేస్త్రీకి ఇందులో నష్టం లేదు, గిరాకీ పెరుగుతుంది. రాసివ్వని షెడ్డు పేరు స్టాండులో అందరికీ చెప్పండి. మీ బండి ఇప్పుడు హోరుమంటుంటే రేపటి లాగిన్ ట్రిప్పు ఎక్కకముందే చక్రం లేపి చూపించండి.

— కొండాపూర్ స్టాండు ఓనర్ కమ్ డ్రైవర్లం