వృద్ధుల సేవకు చదువు కావలెనా?



“ముసలివాళ్లను చూచుకొనుటకు కూడ యూనివర్సిటీ చదువు కావలెనా?” అని మన పెద్దలలో కొందరు అడుగుచున్నారు. అడుగుటలో తప్పులేదు. మన తాతలను, అవ్వలను మనము ఏ చదువూ లేకనే చూచుకొన్నాము. ఇంట్లోనే మగ్గము, మగ్గము పక్కనే మంచము. కోడలు కండెలు చుట్టుచునే అత్తగారికి గంజి కాచి ఇచ్చెడిది. అయితే ఆ ఇల్లు ఈనాడు ఎందరికి మిగిలినది? కొడుకు పట్నములో ఉద్యోగము, కోడలు గార్మెంటు ఫ్యాక్టరీలో పని, మనుమలు హాస్టలులో చదువు. పగలంతా ఇల్లు కాచుకొని ఉండునది ముసలితల్లి ఒక్కతే.

2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశమున 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఈ వయస్సువారే ఉందురని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 లో అంచనా వేసినది. ఇంతమందిని చూచుకొనుట కేవలము కోడండ్ర ఓపికకు వదలదగిన పని కాదు.

సోషల్ జెరంటాలజీ అను ఈ శాస్త్రము మందులిచ్చు వైద్యము కాదు. వృద్ధుల పింఛను, ఆస్తి తగవులు, ఒంటరితనము, మతిమరుపు, వారికి సేవచేయువారి అలసట, వీటిని క్రమముగా నేర్పు చదువు. మన వృత్తినే తీసికొనండి. నలుబది ఏండ్లు గుంట మగ్గములో కూర్చున్నవానికి నడుము, మోకాళ్లు పట్టివేయును. పడుగు పోగులు అతుకునప్పుడు దారము కనబడకపోయిన “వయస్సు అయిపోయినది” అని మగ్గము దిగును. అది ఆపరేషనుతో పోవు శుక్లమా, అద్దములతో సరిపోవునా అని అడుగువారు లేరు. కూలి ఆగిననాటి నుండి ఇంట్లో ఆయన మాట చెల్లదు. ఆయనయు మాటాడుట తగ్గించును. కంటిచూపు ఒకటే కాక, ఈ మౌనము కూడ చికిత్స కోరునదే అని గుర్తించువారే ఈ చదువు చదివినవారు.

పరరాష్ట్రములలో స్థిరపడిన మనకు ఈ అవసరము రెండింతలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నేతకార్మికునకు 50 ఏండ్లకే పింఛను ఏర్పాటు ఉన్నది. షోలాపూరులోనో, కంచిలోనో, బరంపురములోనో ఉన్న మనకు అది చెందదు. ఉన్నచోటి పథకములనే అడుగవలెను. జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రము వాటా 79 ఏండ్లవరకు నెలకు 200 రూపాయలు, 80 నుండి 500 రూపాయలు. రాష్ట్రములు కలుపు సొమ్ము వేరు వేరుగా ఉండును. బిడ్డలు పోషింపని తల్లిదండ్రులు 2007 చట్టము క్రింద ట్రిబ్యునలులో భరణము కోరవచ్చును. ఇవన్నియు కాగితముల మీద ఉన్నవి. చదువురాని అవ్వకు వాటిని అందించు మనిషి కావలెను.

భాష సంగతి మరియు ముఖ్యము. ఇంట తెలుగు తప్ప ఎరుగని ముసలమ్మ ఆస్పత్రిలో తన నొప్పిని మరాఠీలోనో అరవములోనో ఎట్లు చెప్పగలదు? మతిమరుపు జబ్బు ముదిరినవారిలో కొందరు తరువాత నేర్చిన భాషను ముందు మరచి, తల్లిభాషకే వత్తురు. మన పిల్లలకు రెండు భాషలును వచ్చును. ఈ రంగమున అది వారికి పెట్టుబడి.

ఇక బ్రతుకుతెరువు మాట. హెల్పేజ్ ఇండియా 1978 నుండి పనిచేయుచున్నది. 2021 లో 14567 నంబరుతో వృద్ధుల సహాయవాణి దేశమంతట వచ్చినది. చెన్నై గిండీలో 2024 లో వృద్ధులకై ప్రత్యేక జాతీయ కేంద్రము తెరచినారు. ఆస్పత్రులు, వృద్ధాశ్రమములు, ఇంటికి మనుషులను పంపు కంపెనీలు కూడ ఉన్నవి. అయినను నర్సింగు చదివినవారికి దొరికినన్ని ఉద్యోగములు దీనిలో ఇంకను లేవు. మొదటి జీతము పెద్దది కాదు. కనుక నేరుగా దీనినే నమ్ముకొనక, ముందు సోషల్ వర్క్, సైకాలజీ, సోషియాలజీలలో ఒకదానిలో పట్టము పొంది, పిమ్మట దీనిని ప్రత్యేకముగా చదువుట క్షేమము. ఉద్యోగము ఖాయమని చెప్పి ముందే ఫీజు అడుగు సంస్థలకు దూరముగా ఉండండి. గుర్తింపు ఉన్నదో లేదో విచారించి చేరండి.

“చదివినది ఊరివారి తల్లిదండ్రులకు సేవచేయును, మనవారి గతి ఏమి?” అను శంకకు మార్గము ఉన్నది. మన సంఘము ఏటా ఒక విద్యార్థికి, ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను, ఈ చదువుకు వేతనము ఇయ్యవలెను. చదువు ముగిసిన పిమ్మట రెండేండ్లపాటు వారమున ఒక పూట సంఘము ఆఫీసులో కూర్చుండి మన వృద్ధుల దరఖాస్తులు, కష్టములు చూడవలెనని షరతు పెట్టవలెను. ఈలోగా ప్రతి శాఖయు 60 దాటిన నేతవారి పట్టిక వ్రాసికొని, పింఛను ఎవరికి వచ్చుచున్నది, ఎవరికి లేదు అని గుర్తించిన చాలును.

రానున్న మహాసభలో ఈ తీర్మానమును ప్రవేశపెట్టదలచితిమి. సభ్యులు తమ ఇండ్లలోని పెద్దలను అడిగి, వారి అభిప్రాయము తెలిసికొని సభకు రావలెనని కోరుచున్నాము.